కృష్ణపట్నం క్యూలో ఉన్నోళ్ళకి సైన్సు సంఘాలు ఏం చేశాయి?

ముత్తుకూరు కుర్రోడు:
2021 మే నెల. కరోనాకని కృష్ణపట్నంలో ఆనందయ్య గారు ఇచ్చే నాటు మందు కోసం మా రోడ్డంతా అంబులెన్సులే. ఆస్పత్రికి పోతే బెడ్లు లేవు. సైన్సు సంఘాలోళ్ళు టీవీల్లో కూర్చోని ‘ఆధారాలు లేవు’ అన్నారు. ఆ మాటతో క్యూలో నిలబడినోడికి ఊపిరి ఆడతాదా?

కావలి మాస్టారు:
నీ బాధ న్యాయమే తమ్ముడూ. అయితే ఆధారం అడగడం చిన్న పని కాదు. బ్రిటన్‌లో రికవరీ ట్రయల్ అని, వేలమంది రోగుల్ని చీటీలేసినట్టు గుంపులుగా విడదీసి మందులు పరీక్షించారు. జనం ఎగబడిన మలేరియా బిళ్ళ హైడ్రాక్సీక్లోరోక్విన్ కరోనాకి పనికిరాదని తేలింది. చవగ్గా దొరికే స్టెరాయిడ్ మందు డెక్సామెథాసోన్ మాత్రం వెంటిలేటర్ మీదున్నవాళ్ళలో మరణాల్ని మూడో వంతు తగ్గించిందని 2020 జూన్‌లో చెప్పారు. ఆక్సిజన్ అవసరం లేనివాళ్ళకి దాంతో మేలు లేదనీ అందులోనే తేలింది. మనవాళ్ళు జొరం తగిలిన మొదటిరోజే ఆ బిళ్ళలు మింగారు, నా కళ్ళారా చూశాను. ఆనందయ్య మందుకి మే 31న అనుమతిచ్చిన ప్రభుత్వం కూడా కంటి చుక్కల్ని నివేదికలు వచ్చేదాకా ఆపింది. కంటి విషయం గదా, ఆ జాగ్రత్త తప్పా?

ఒంగోలు చదువరి:
మాస్టారూ, మీరు చెప్పినవన్నీ నిజాలే, కానీ మా ఇంటిదాకా రాలేదు. లండన్‌లోని సైన్సు సంఘం రాయల్ సొసైటీ పెట్టిన డెల్వ్ అనే నిపుణుల బృందం 2020 మేలోనే మాస్కుల మీద నివేదిక ఇచ్చింది. ఇంగ్లీషులో ఉంటే మా అమ్మకేం తెలుస్తుంది? అమ్మని నిలబెట్టింది ఒక్క ఫోను. వేలికి పెట్టే ఆక్సీమీటర్ అమ్మ ఒంట్లో ఆక్సిజన్ 89 శాతమే చూపిస్తుంటే నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఇక్కడి సైన్సు సంఘంలో పనిచేసే రిటైర్డ్ టీచరు ఒకాయన, గోళ్ళరంగు తుడిచి, వేళ్ళు వెచ్చబడేదాకా రుద్ది మళ్ళీ పెట్టమన్నారు. 91. బోర్లా పడుకోబెట్టి దిండ్లు సర్దమన్నారు. అరగంటకి 94. ‘తగ్గిందని కూర్చోవద్దమ్మా, బండి మాట్లాడుకో’ అని కూడా ఆయనే చెప్పారు. ఆ రాత్రి నాలుగుసార్లు ఫోను చేశారు.

ముత్తుకూరు కుర్రోడు:
అక్కా, అట్టాంటి ఫోను మా ఊళ్ళో ఒక్కరికన్నా వచ్చుంటే మా బాబాయి రెండు రోజులు ఆ రోడ్డు మీద కారులో ఉండేవాడు కాదు. సచివాలయం గోడ మీద ఒక్క నంబరు రాసుంటే చాలు. నేనడిగేది అదే.

కావలి మాస్టారు:
మా సైన్సు సంఘం కావలి శాఖలో పదకొండు మందిమి. మీ మండలంలో ఒక్కరూ లేరు. అది మా తప్పే తమ్ముడూ. ఆదివారం వస్తా, ఊళ్ళో ముందు ఎవర్ని కలవాలో చెప్పు.