చెరువు పూడ్చడం జాగ్రఫీ పాఠమా, రాజకీయమా?

బండమీద_క్లాసు:
హైదరాబాద్‌లోనే ఒక డిగ్రీ కాలేజీలో జాగ్రఫీ చెప్తాను, కాలేజీ పేరు అడక్కండి. పోయిన వారం సెకండియర్ పిల్లల్ని పొద్దున్నే గచ్చిబౌలి వైపు ఒక గుట్ట మీదికి తీసుకెళ్ళాను. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే ఆ బండల్ని ఎవరో ఎత్తి పెట్టారనుకునే పిల్లలు ఇప్పటికీ ఉన్నారు. ఈ గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళని, నేల లోపల ఉండగానే పగుళ్ళ వెంట నీళ్ళు దిగి అంచుల్నీ మూలల్నీ తినేశాయని, తర్వాత ఆ మెత్తబడ్డ మొరం కొట్టుకుపోయి గట్టి గుండ్లు మాత్రం మిగిలాయని చెప్పాను. పిడికిట్లో పట్టుకుంటే పొడైపోయే మొరం కూడా చూపించాను. అంతవరకు ఎవరికీ బాధ లేదు.

మధ్యాహ్నం ఒక చెరువు దగ్గరికి వెళ్ళాం. సగం శిఖంలో, అంటే చెరువు నీళ్ళు నిలిచే నేలలో, మట్టి పోసి చదును చేసేశారు. చెరువు నిండితే నీళ్ళు పొర్లిపోయే మత్తడి ఇంకా ఉంది, దాని ముందు కాంపౌండ్ గోడ కూడా ఉంది. ఎత్తుపల్లాలు, వాగులు చూపించే పాత టోపోషీట్ మ్యాపు పక్కన పెట్టుకుని ఇక్కడికి నీళ్ళు ఎటునుంచి వచ్చేవి, ఇప్పుడు ఎటు పోతాయి, రాసుకు రమ్మన్నాను. తిరిగొచ్చాక ఒక సీనియర్ పిలిచి "పొద్దున చెప్పింది పాఠం, మధ్యాహ్నం చెప్పింది రాజకీయం, ఇంకోసారి బస్సు అడక్కు" అన్నారు. నాకైతే రెండూ ఒకటే పాఠం. మీరేమంటారు?

రిటైర్డ్_కాంటూర్:
మీ సీనియర్ చెప్పింది కరెక్టే, తిట్టుకుంటే తిట్టుకోండి. ముప్పై ఏళ్ళు ఇదే సబ్జెక్టు చెప్పి రిటైరయ్యాను. శైథిల్యం (రాయి చివికిపోవడం), క్రమక్షయం (కోసుకుపోవడం), నిక్షేపణ (మట్టి మేటవేయడం), వీటికి నియమాలున్నాయి. నీటి వేగాన్ని బట్టి ఎంత సైజు ఇసుక కదులుతుందో లెక్క కట్టొచ్చు. టిప్పర్ ఎక్కడ మట్టి దింపుతుందో ఏ సూత్రం చెప్తుంది? ప్లాటు రేటు చెప్తుంది. అది ఎకనామిక్స్ వాళ్ళ పని. పైగా ఈ తరం పిల్లలకి మ్యాపులో ఒకే ఎత్తున్న చోట్లని కలిపే కాంటూర్ గీతలు దగ్గర దగ్గరగా ఉంటే నిట్రమైన వాలు అన్న ముక్క కూడా రాదు. నేల రూపం కాలంతో ఎలా మారుతుందో చెప్పే డేవిస్ క్షయచక్రం అడిగితే యవ్వనం, ప్రౌఢం, వృద్ధాప్యం అని మూడు పేర్లు అప్పజెప్పి కూర్చుంటారు. ముందు అవి నేర్పండి. ఇంకోటి, మూసీ ఊరిని ముంచింది 1908 సెప్టెంబర్ 28న. వేల మంది పోయారు. అప్పుడు ఏ బిల్డర్ ఉన్నాడు?

బండమీద_క్లాసు:
1908 సంగతి మీరే ఎత్తారు కాబట్టి అక్కడి నుంచే చెప్తాను సార్. ఆ రోజు కురిసిన వాన ఒక్కటే కాదు, ఎగువన చెరువులు వరసగా తెగి ఆ నీళ్ళు కూడా వచ్చి ఊరి మీద పడ్డాయి. ఆ చెరువులు కట్టింది మనుషులే కదా. విశ్వేశ్వరయ్యని పిలిపించి, మూసీ మీద ఉస్మాన్‌సాగర్, ఈసీ మీద హిమాయత్‌సాగర్ కట్టించింది ఆ వరద తర్వాతే. హుస్సేన్‌సాగర్ అయితే 1560ల నాటిది. మనిషి చేసింది పక్కన పెట్టి చెప్పమంటే హైదరాబాద్ నేల గురించి చెప్పడానికి గుట్టలు తప్ప పెద్దగా ఏమీ మిగలదు, వాటిని కూడా క్రషర్లు వదలడం లేదు.

ఇక నియమాల సంగతి. కాలిఫోర్నియాలో బంగారం కోసం పెద్ద పెద్ద నీటి గొట్టాలతో కొండల్ని కడిగేశారు. ఆ కంకర, బురద నదుల్లోకి దిగి అడుగు పైకి లేచింది, దిగువ పొలాలు మునిగాయి, రైతులు కోర్టుకెక్కారు, 1884లో కోర్టు ఆపించింది. ఇదంతా రాజకీయమే. కానీ గిల్బర్ట్ అనే భూశాస్త్రవేత్త ఆ మట్టి వెంటపడి, అది అలలాగా నది వెంట కిందికి ఎలా జరుగుతోందో కొలిచి 1917లో రాశాడు. కొండలు కడగడం ఆగాక కూడా దశాబ్దాల తరబడి ఆ మట్టి జరుగుతూనే ఉంది. నదిలో పోసింది మనిషి, పోశాక అది నడిచింది మీరు చెప్పిన నియమాల ప్రకారమే. టిప్పర్ ఎక్కడ దింపుతుందో నేను చెప్పలేను సార్, దింపాక నీళ్ళు ఎటు తిరుగుతాయో చెప్పగలను.

మ్యాపు_పిచ్చోడు:
ఇంతదానికి బస్సెందుకన్నా? ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల బొమ్మలు 1972 నుంచి ఉన్నాయి. బాలానగర్ ఎన్‌ఆర్‌ఎస్‌సీ (రిమోట్ సెన్సింగ్ కేంద్రం) వాళ్ళ మ్యాపుల వెబ్‌సైటు భువన్ ఉంది. ల్యాబ్‌లో ఫ్యాన్ కింద కూర్చుని ఏ చెరువు ఎంత తగ్గిందో చూడొచ్చు. ఎవడూ వచ్చి "ఎవర్రా మీరు" అని అడగడు.

బండమీద_క్లాసు:
వాడతాను తమ్మీ, రోజూ వాడతాను. కానీ ఆ తొలి ల్యాండ్‌శాట్ బొమ్మల్లో ఒక్కో చుక్క సుమారు 80 మీటర్లు, చిన్న కుంట అంటే నాలుగైదు చుక్కలు. పోయినేడు ఒకమ్మాయి ఏప్రిల్ బొమ్మ చూసి "ఇక్కడ చెరువే లేదు" అని ప్రాజెక్టు రాసుకొచ్చింది. మన చెరువులు ఎండాకాలం ఎండుతాయి కదా. తీసుకెళ్ళి తూము దగ్గర నిలబెడితే తనే నవ్వింది.

సెల్లార్లో_నీళ్ళు:
నాకు ఈ సబ్జెక్టు తెలియదు, కానీ 2020 అక్టోబర్ 13 రాత్రి మా సెల్లార్‌లో కార్లు తేలాయి. ఫ్లాట్ కొనేటప్పుడు అమ్మినాయన "ఇక్కడ నీళ్ళు నిలిచే ప్రశ్నే లేదు" అన్నాడు. మా పాప పుస్తకంలో జపాన్ అగ్నిపర్వతాలు ఉన్నాయి, మా వెనకాల నాలా ఎక్కడ పుట్టి ఎక్కడ కలుస్తుందో లేదు. అందుకని ఈ సార్ చేసింది మంచి పనే అంటాను. ఒక్క మాట మాత్రం చెప్పాలి. ఇలాంటి పాఠం విన్న పిల్లలు మా కాలనీ ముందు నుంచి పోతూ మమ్మల్ని కబ్జాదారులంటారు. రిజిస్ట్రేషన్ చేసిచ్చారు, బ్యాంకు లోనిచ్చింది, పన్ను కడుతున్నాం. ఇంకా 14 ఏళ్ళు ఈఎంఐ. ఆ టెన్షన్ మీకెవరికీ ఉండదు.

రిటైర్డ్_కాంటూర్:
గిల్బర్ట్ సంగతి ఒప్పుకుంటాను, ఆయన్ని నేను మర్చిపోలేదు కానీ ఈ చర్చకి తగులుతాడని తట్టలేదు. అయితే ఆయన కొలిచాడు బాబూ. మీ పిల్లలు గోడ చూసి కోపం తెచ్చుకుని వచ్చారు, మత్తడి ఎత్తుకీ పోసిన మట్టి ఎత్తుకీ తేడా ఎంతో రాసుకొచ్చారా? ఆ లెక్క ఉంటే మీ సీనియర్ రాజకీయం అనలేడు. నా దగ్గర ఎత్తుల తేడా కొలిచే పాత డంపీ లెవెల్ ఉంది, దాని కొలతకర్ర (స్టాఫ్) కూడా ఉంది. ఆదివారం పొద్దున ఆరింటికైతే వస్తాను, ఎండెక్కితే నా వల్ల కాదు.

బండమీద_క్లాసు:
రాసుకురాలేదు సార్. అది నా తప్పే. ఆదివారం ఖాయం, బస్సు లేకపోతే ఆర్టీసీ ఉంది.

సెల్లార్లో_నీళ్ళు:
మా కాలనీకి కూడా వచ్చి కొలవండి సార్, చాయ్, ఉస్మానియా బిస్కెట్లు నా ఖర్చు. కాలనీ పేరు మాత్రం ఇక్కడ రాయకండి, ఫ్లాట్ అమ్మకానికి పెట్టాను.

మ్యాపు_పిచ్చోడు:
కొనేవాళ్ళకి చెప్తారా అన్నా?