అప్‌డేట్: అక్క హెచ్‌బీఏ2 3.4, అసలు సంగతి తేలింది

మా అక్కకు హెచ్‌బీఏ2 (రక్తంల ఒక రకం హిమోగ్లోబిన్ శాతం, క్యారియర్లకు మామూలుగా ఎక్కువుంటది) 3.4 వచ్చింది, బావ బీటా తలసీమియా (తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్తం జబ్బు) క్యారియర్, అంటే జబ్బు లేకున్నా ఆ జీన్ మార్పు ఉన్నోడు, అక్క కూడానా అని అడిగిన కదా. అవును, క్యారియరే.

అప్పుడు ఫెరిటిన్ (ఒంట్ల ఐరన్ నిల్వ చెప్పే టెస్టు) 9 ఉండె, అంటే తక్కువ. ఐరన్ తక్కువైతే హెచ్‌బీఏ2 కూడా కిందికి జారి, క్యారియర్ నార్మల్ లెక్క కనపడొచ్చు. ఐరన్ గోలీలు వాడినంక నల్లగొండలనే మళ్ల హెచ్‌పీఎల్‌సీకి (హెచ్‌బీఏ2 కొలిచే టెస్టు) రక్తం ఇస్తే 3.6, ఎంసీవీ (ఎర్ర రక్తకణాల సైజు) 78 కాడనే ఆగింది. అంకెలతోని తేలదని బీటా గ్లోబిన్ జీన్ సీక్వెన్సింగ్ చేపిస్తే క్యాప్+1 మార్పు దొరికింది. అది జీన్ పనిని కొంచమే తగ్గిస్తది, అందుకే హెచ్‌బీఏ2 అంచుమీదనే ఉంటది.

బావది ఐవీఎస్ 1-5, అదే జీన్‌ల గట్టి మార్పు. రెండు మార్పులూ బిడ్డకు వచ్చే, అంటే జబ్బు రాగల అవకాశం ప్రతి కాన్పుకూ 25 శాతం. ఒకరు క్యారియర్ అని తెలిసినంక రెండోవాళ్ల 3.4ను నార్మల్ అని దయచేసి వదలకుండ్రి. గర్భం ఉంటే ఐరన్ పెరిగేదాక ఆగొద్దు, నేరుగా డీఎన్‌ఏ టెస్టుకు పోవాలె. సీవీఎస్ (మాయ నుంచి చిన్న ముక్క తీసి బిడ్డ జీన్లు చూసే టెస్టు) చేసే టైమ్ 11 నుంచి 14 వారాలే.