డెంటల్ యూనిట్ నీటి గొట్టాల్లో బ్యాక్టీరియా: కారణం ఏమిటి?

ప్రశ్న: మా క్లినిక్‌లో డెంటల్ యూనిట్ (రోగి కుర్చీకి అమర్చిన చికిత్స పరికరాల సముదాయం) సీసాలో డిస్టిల్డ్ వాటర్ మాత్రమే నింపుతున్నాము. అయినా హ్యాండ్‌పీస్ (పళ్ళను తొలిచే చేతి పరికరం) నుంచి వచ్చే నీటిని పరీక్షిస్తే బ్యాక్టీరియా ఎక్కువగా ఉన్నట్లు తేలింది. లోపం ఎక్కడ ఉండవచ్చు?

జవాబు 1: లోపం బహుశా గొట్టాల్లోనే ఉంది. అవి చాలా సన్నవి కావడం, రాత్రులూ సెలవు రోజుల్లోనూ నీరు కదలకుండా నిలిచిపోవడం వల్ల లోపలి గోడలపై బయోఫిల్మ్ అనే జిగట పొర పేరుకొని, ఎంత శుభ్రమైన నీరు పోసినా దానిని కలుషితం చేస్తుంది. యూనిట్ తయారీదారు సూచించిన రసాయనంతో గొట్టాలను శుద్ధి చేసి, మళ్ళీ పరీక్ష చేయించండి. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ సూచన ప్రకారం, సాధారణ చికిత్సకు వాడే నీటిలో మిల్లీలీటరుకు 500 సీఎఫ్‌యూ (కాలనీలుగా ఎదగగల సజీవ బ్యాక్టీరియా లెక్క) మించకూడదు.

జవాబు 2: రోగికీ రోగికీ మధ్య 20 నుంచి 30 సెకన్లు నీటిని వదలడం తప్పనిసరి, కానీ అది రోగి నోటి నుంచి గొట్టాల్లోకి వెనక్కి చేరిన లాలాజలాన్ని, రక్తాన్ని తొలగించడానికే, బయోఫిల్మ్‌ను అది కదిలించలేదు.

అడిగినవారు: కృతజ్ఞతలు. శుద్ధి చేశాక శస్త్రచికిత్సలకూ ఇదే నీటిని వాడవచ్చా?

జవాబు 1: వాడకూడదు. సాధారణ యూనిట్ గొట్టాలను స్టెరిలైజ్ చేయలేము కనుక, స్టెరైల్ సెలైన్‌ను స్టెరైల్ సిరంజి వంటి వేరే సాధనంతోనే అందించాలి. 2016లో కాలిఫోర్నియాలోని అనహైమ్‌లో పల్పాటమీ (పంటి లోపలి గుజ్జులో కొంత భాగాన్ని తొలగించే చికిత్స) చేయించుకున్న పిల్లలకు మైకోబ్యాక్టీరియం అబ్సెసస్ అనే బ్యాక్టీరియా సోకింది, మూలం యూనిట్ నీరే.