క్లోనజెపామ్ నీళ్లలో కలిపితే డోసు సరిగ్గా వస్తుందా?

నమస్కారమండీ. అమ్మ ఆరేళ్లుగా రాత్రిపూట క్లోనజెపామ్ అనే, మత్తు కలిగించే బిళ్ల వేసుకుంటోంది. ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, మెల్లగా తగ్గించమన్నారు డాక్టరుగారు. 0.5 నుంచి 0.25 మి.గ్రా. దాకా బాగానే వచ్చాం. ఆ చిన్న బిళ్లను ఇంకా ముక్కలు చేద్దామంటే బ్లేడు కింద పొడైపోతోంది. అందుకే 10 మి.లీ. నీళ్లలో కలిపి, సూదిలేని సిరంజితో 8 మి.లీ. తీసి ఇస్తున్నాను. తీరా చూస్తే ఈ మందు నీళ్లలో కరగదట! నిజమే, రెండు నిమిషాలకే గ్లాసు అడుగున తెల్లగా పేరుకుంటోంది. మొన్న హాయిగా నిద్రపోయింది, నిన్న తెల్లవార్లూ చేతులు వణుకుతూ కూర్చుంది. నా కొలతే తప్పా?

డాక్టరుగారు సోమవారం గానీ దొరకరు. అందాకా 0.25 బిళ్ల మొత్తం ఇవ్వడమే నయమా? హైదరాబాద్‌లో సరైన కొలతతో ద్రవమందు తయారుచేసిచ్చే ఫార్మసీ ఉందా?