సంక్షోభంలో మీదపడిన నాయకత్వం: ఆ తర్వాత కూడా అందులోనే ఉండిపోయినవాళ్లు చెప్పండి

లెక్కలమనిషి
వృత్తిరీత్యా అకౌంట్లు చూస్తాను. మహమ్మారి రోజుల్లో ఒక స్వచ్ఛంద సంస్థ హెల్ప్‌లైన్‌లో కాల్స్ ఎత్తడానికి వెళ్లాను. అక్కడ ఒకే పడక కోసం నలుగురు వాలంటీర్లు విడివిడిగా ఫోన్లు చేస్తున్నారు. ఎప్పుడో అయిపోయిన ఆక్సిజన్ సిలిండర్ల నంబర్లు ఇంకా లిస్టుల్లో తిరుగుతున్నాయి. చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాలేదు. ప్రతి నంబరు పక్కన ఎవరు, ఏ వేళకు సరిచూశారో రాయాలి, నాలుగు గంటలు దాటిన సమాచారం ఎవరికీ చెప్పకూడదు అని ఒక పద్ధతి పెట్టాను. నన్నెవరూ నాయకుణ్ని చేయలేదు. అయినా కొన్నాళ్లకే ఏ తేడా వచ్చినా అందరూ నావైపు చూడటం మొదలైంది.

ఇప్పుడు అదే సంస్థ కార్యక్రమాల బాధ్యత పూర్తికాలం తీసుకోమంటోంది. జీతం తగ్గుతుంది, దాని గురించి ఇంట్లో మాట్లాడుకున్నాం. నా సందేహం వేరు. అప్పుడు నాలో కనిపించింది నిజంగా నాదేనా, లేక ఆ రోజుల ఊపా? ఉండిపోయినవాళ్లు, వెనక్కి వెళ్లినవాళ్లు, రెండు వైపుల మాటా వినాలనుంది.

గోడౌన్‌తాళం
వరద సహాయంలో సరుకుల విభాగం చూడబోయి, చివరికి అదే వృత్తి చేసుకున్నవాణ్ని. మీ ప్రశ్న నేనూ చాలాకాలం మోశాను.

బయటివాళ్లకు అంతగా తెలియని సంగతి ఒకటి చెప్తాను. విపత్తు తర్వాత మొదటి రోజుల్లో కొరత ఎంత సమస్యో, అడగకుండా వచ్చిపడే సరుకూ అంతే సమస్య. పాత బట్టల మూటలు, గడువు దాటబోతున్న మందులు, లోపల ఏముందో రాయని పెట్టెలు. వాటిని దించడానికి మనుషులు కావాలి, పెట్టడానికి చోటు కావాలి, ఆ చోటే అసలు సరుకుకు కరువవుతుంది. ఈ రంగంలో దీన్ని ‘రెండో విపత్తు’ అనే పిలుస్తారు. 2004 సునామీ తర్వాత ఇండొనేషియాలోని అచేకు టన్నులకొద్దీ మందులు వచ్చాయి. వాటిలో పెద్ద భాగం మీద లేబుళ్లు అక్కడివాళ్లు చదవలేని భాషల్లో ఉన్నాయి. పనికిరాని మందుల్ని సురక్షితంగా వదిలించుకోవడం మళ్లీ ఇంకో ఖర్చు.

మా గోడౌన్ ముందు ఒక పెద్దమనిషి లారీ నిండా బట్టలతో దిగారు, వెంట ఫొటోగ్రాఫర్. దించుకోనన్నాను. మాకు కావలసినవి ఇవీ అని ఆరోజు జాబితా చేతిలో పెట్టాను. ఆయన అరిచారు, మా సీనియర్లు ఇబ్బందిపడ్డారు. మర్నాడు ఆయనే టార్పాలిన్లు పంపారు. పంపకపోయి ఉన్నా ఆ లారీని వెనక్కే తిప్పేవాణ్ని. నలుగురికీ నచ్చని ‘వద్దు’ను మర్యాదగా చెప్పి, రాత్రికి హాయిగా నిద్రపోగలనని తెలిసింది అప్పుడే. మీ నాలుగు గంటల నియమం కూడా ఒక రకం ‘వద్దు’ కదా. ఊపు మీద ఉన్నవాళ్లు అన్నిటికీ సరే అంటారండి. మీరు అనలేదు.

మళ్లీఆఫీసుకే
వెనక్కి వెళ్లినవాళ్ల తరఫున నేను.

భూకంపం తర్వాత ఒక బృందాన్ని నడిపాను, బాగానే నడిపానని అందరూ అన్నారు. తర్వాత కెమెరాలు వెళ్లిపోయాయి, వాలంటీర్లు సగానికి సగం తగ్గారు, మిగిలిన పనల్లా నష్టపరిహారం కాగితాలు, ఇళ్ల పట్టాల్లో పేర్ల తేడాలు, దాతలకు నివేదికలు. నాకు ఆసక్తి చచ్చిపోయింది. పక్కన ఒకావిడ ఉండేది, మొదటి వారాల్లో ఆవిడ ఉన్నట్టే ఎవరికీ తెలియదు. ఆ కాగితాల దశలో ఆవిడ లేకపోతే ఒక్క కుటుంబానికీ ఇల్లు వచ్చేది కాదు. ఆ పనికి నాయకురాలు ఆవిడ. నేను మంటలార్పే రకం, అంతే. అది చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు, అవసరమొస్తే మళ్లీ వెళ్తాను.

లెక్కలమనిషి గారూ, మీకు గుర్తొచ్చేవన్నీ ఉధృతి రోజుల సంగతులే అయితే జాగ్రత్త. అది తగ్గాక ఏం చేశారో రాయలేదు మీరు.

పాతపేజీలు
ఈ విషయంలో చరిత్ర కూడా ఇద్దరి మాటనూ సమర్థిస్తుంది.

స్విస్ వ్యాపారి హెన్రీ డ్యూనాంట్ 1859లో ఇటలీలోని సోల్ఫెరినో వైపు వెళ్లింది సేవ కోసం కాదు. అల్జీరియాలో తన వ్యాపారానికి నీటి హక్కులు కావాలని, అక్కడ యుద్ధంలో ఉన్న ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్‌ను కలవబోయాడు. యుద్ధంలో గాయపడినవాళ్లు దిక్కులేకుండా పడివుండటం చూసి, పక్కనే కాస్టిల్యోనెలో ఊరివాళ్లను కూడగట్టి, ఏ పక్షం సైనికుడని చూడకుండా సేవ చేయించాడు. 1863లో రెడ్‌క్రాస్ కమిటీ, 1864లో తొలి జెనీవా ఒప్పందం దాన్నుంచే వచ్చాయి. ఇంతవరకూ అందరూ చెప్తారు. 1867లో అతను దివాలా తీశాడు, కమిటీ నుంచి బయటికి పోవాల్సి వచ్చింది. సంస్థను 1864 నుంచి 1910 దాకా అధ్యక్షుడిగా నడిపింది గుస్తావ్ మోయ్నియే అనే న్యాయవాది. ఇద్దరికీ పడేది కాదు. డ్యూనాంట్‌కు 1901లో తొలి నోబెల్ శాంతి బహుమతిలో వాటా వచ్చింది కాబట్టి అతని పేరు మిగిలింది. నిప్పు రాజేసినవాడు ఒకడు, దశాబ్దాలపాటు దాన్ని ఆరనివ్వకుండా చూసినవాడు ఇంకొకడు.

హెర్బర్ట్ హూవర్‌ది ఇంకా చిత్రం. గనుల ఇంజనీరు. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు లండన్‌లో ఉన్నాడు. బెల్జియం సహాయ కమిషన్ పెట్టి, రెండు శత్రుపక్షాలనూ ఒప్పించి, ఆక్రమణలో ఉన్న బెల్జియానికీ ఉత్తర ఫ్రాన్స్‌కూ ఆహారం చేర్చాడు. ఆ పేరే అతన్ని రాజకీయాల్లోకి తెచ్చింది. 1929లో అమెరికా అధ్యక్షుడయ్యాడు, అదే ఏడాది స్టాక్ మార్కెట్ కూలింది, మహా మాంద్యం మొదలైంది. కేంద్ర ప్రభుత్వం జనానికి నేరుగా సాయం చేయకూడదు, స్వచ్ఛంద, స్థానిక సాయమే చాలు అన్న నమ్మకాన్ని పట్టుకుని వేలాడి 1932లో ఓడిపోయాడు. ఒక సంక్షోభంలో నిలబెట్టిన పద్ధతే ఇంకోదాంట్లో ముంచింది.

వార్డునర్సు
చరిత్ర బాగుంది గానీ, రాత్రి రెండింటికి వాలంటీరు ఏడుస్తుంటే ఏం చేయాలో అందులో దొరకదు 🙂

మా బృందం పెద్దగా నేను మొదట చేసిన పని షిఫ్టుల పట్టిక వేయడం. అలసిపోయినవాళ్లు ఇంటికెళ్లనంటారు. వెళ్తే తప్పు చేసినట్టుంటుందని. అందుకే వెళ్లడం ఇష్టాయిష్టాలకు వదలకుండా నియమం చేశాను, ముందు నేనే పాటించాను. నేను కూర్చునే ఉంటే మిగతావాళ్లు లేవరు కదా.

రెండోది, 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శకం మూడు మాటల్లో ఉంటుంది: చూడు, విను, కలుపు. అంటే పరిస్థితి గమనించు, బాధ చెప్పమని ఒత్తిడి చేయకుండా వాళ్లు చెప్పింది విను, వాళ్లకు కావలసిన సాయంతో కలుపు. అది బాధితుల కోసం రాసింది. నేను నా బృందానికీ వాడాను. పెత్తనం కన్నా ఇదే ఎక్కువ అక్కరకొచ్చింది.

శిబిరంలోమనిషి
ఇక్కడ అందరూ సాయం చేయడానికి వెళ్లినవాళ్లే మాట్లాడుతున్నారు. నేను సాయం తీసుకున్న వైపు నుంచి వచ్చాను.

మా శిబిరంలో మరుగుదొడ్లు దూరంగా, చీకట్లో ఉండేవి. ఆడవాళ్లు సాయంత్రం నుంచే నీళ్లు తాగడం మానేసేవాళ్లు. సంస్థల సమావేశాలకు మాలో ఎవరినీ పిలిచేవారు కాదు. ఒక వాలంటీరు అమ్మాయి తన ఫోన్లో స్ఫియర్ ప్రమాణాలు చూపించింది. సహాయ సంస్థలే ఒప్పుకుని రాసుకున్న కనీస స్థాయిలు అవి. మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీళ్లు, 20 మందికి ఒక మరుగుదొడ్డి, ఉమ్మడివైతే మగవాళ్లకు ఒకటి ఉన్నచోట ఆడవాళ్లకు మూడు. నేను టెంటు టెంటూ తిరిగి మనుషుల్ని లెక్కపెట్టి, కాగితం మీద వేసుకుని, పిలవకపోయినా సమావేశానికి వెళ్లి కూర్చున్నాను. ‘మీ ప్రమాణం ఇది, మా లెక్క ఇది’ అన్నాను, అంతే. లైట్లు వచ్చాయి, తర్వాత మరుగుదొడ్లూ దగ్గరికి వచ్చాయి.

ఇప్పుడు ఒక మహిళా సంఘం నడుపుతున్నాను. ఇది నా పిలుపా కాదా అని నేనెప్పుడూ కూర్చుని ఆలోచించలేదు, ఆ తీరిక లేదు. ఒక్క మాట మాత్రం అడుగుతా లెక్కలమనిషి అన్నా: ఆ పదవికి మీ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసిన కుటుంబాల్లోంచి ఎవరినైనా అడిగారా?

గోడౌన్‌తాళం
పై ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. మా సంస్థలోనూ అడగలేదు. అడగాల్సింది.

ఐదుగురుచాలు
చిన్న సంగతి. 1970 నాటి కాలిఫోర్నియా అడవి మంటల్లో ఎవరి మాట ఎవరు వినాలో తేలక గందరగోళమైతే, అక్కణ్నుంచి ‘ఇన్సిడెంట్ కమాండ్’ పద్ధతి పుట్టింది. అందులో ఒకరి కింద ముగ్గురి నుంచి ఏడుగురు, వీలైతే ఐదుగురే ఉండాలంటారు. ‘అందరూ నావైపే చూశారు’ అని మొదట్లో చదివినప్పుడు నాకు సంతోషం కాదు, భయమేసింది. తర్వాత ఆ చూపుల్ని పంచారా?

ట్రస్టీకుర్చీ
ఒక సంస్థ బోర్డులో ఉన్నాను, అందుకే కొంచెం చేదుగా ఉంటుంది నా మాట.

సంక్షోభంలో డబ్బు వెల్లువలా వస్తుంది, అదీ ఒక్క పనికి ముడిపడి వస్తుంది. ఆ గ్రాంటులోంచి అద్దె కట్టకూడదు, అకౌంటెంటును పెట్టుకోకూడదు, ఫలానా తేదీలోగా ఖర్చుపెట్టాలి. ఆ తేదీ దాటాక అదే సంస్థ జీతాలకు తడుముకుంటుంది. ఉత్సాహంగా చేరిన మంచి నాయకులు వెళ్లిపోయేది సాధారణంగా ఇక్కడే. పనిమీద విసుగొచ్చి కాదు. నిధుల వేట తప్ప ఇంకో పని మిగలక. కార్యక్రమాల అధిపతి అని చేర్చుకుని నిధుల సేకరణ నెత్తిన పెట్టడం చాలా చోట్ల మామూలే.

మీరు లెక్కలు చదవగలిగినవాళ్లు, అది మీకున్న పెద్ద బలం. గత మూడేళ్ల ఆడిట్ నివేదికలు అడగండి. షరతుల్లేని నిధి ఎన్ని నెలలకు సరిపోతుందో చూడండి. ఆరు నెలలు కూడా లేకపోతే మీ పిలుపు సంగతి తర్వాత, ముందు ఆ సంస్థ నిలబడుతుందా అన్నది చూసుకోండి.

లెక్కలమనిషి
అందరికీ ధన్యవాదాలు. వరసగా చెప్తాను.

మళ్లీఆఫీసుకే గారూ, ఉధృతి తగ్గాక చనిపోయినవాళ్ల కుటుంబాలకు బీమా, పెన్షన్ కాగితాలు చేయించే పనిలో ఉన్నాను, ఇప్పటికీ వారాంతాల్లో అదే. నిజం చెప్పాలంటే కాల్స్ కన్నా అదే నాకు నచ్చింది. రాయడానికి గొప్పగా అనిపించక వదిలేశాను.

ఐదుగురుచాలు గారూ, పంచాను, కానీ ఆలస్యంగా, నాకు జ్వరం వచ్చి మంచం పట్టాక.

శిబిరంలోమనిషి గారి ప్రశ్న ఈ వారం సంస్థవాళ్లను అడిగాను. వాళ్లు కాసేపు ఏమీ అనలేదు. కాగితాల పనిలో నాతోపాటు కూర్చునే ఒకావిడ ఉంది, భర్తను పోగొట్టుకుని మా దగ్గరికే వచ్చింది, ఇప్పుడు మిగతావాళ్ల దరఖాస్తులు తనే నింపుతోంది. బాధ్యత ఇద్దరికీ కలిపి ఇవ్వమని, ఆమెకూ జీతం ఉండాలని అన్నాను. ఆలోచిస్తామన్నారు. ఆడిట్ నివేదికలు పంపారు, షరతుల్లేని నిధి నాలుగు నెలలకు వస్తుంది.

ట్రస్టీకుర్చీ
నాలుగంటే తక్కువే. ఇద్దరి జీతాలూ ఏ గ్రాంటు కింద, ఏ తేదీ దాకా అన్నది కాగితం మీద తీసుకోండి. ఆవిడ జీతం కూడా విడిగా రాయించండి, ‘తర్వాత చూద్దాం’ అంటే ముందు కోత పడేది దాని మీదే.

శిబిరంలోమనిషి
ఆవిడను అడిగారా, తనకు ఇష్టమేనా అని?

లెక్కలమనిషి
లేదు. శనివారం కలుస్తున్నాం, అప్పుడు అడుగుతాను.