ఏంజెల్ చేప గుడ్లు మర్నాటికే తెల్లబడుతున్నాయి: మగదాన్ని మార్చాలా, నీటినా?

ఏంజెల్ జోడీ పది పన్నెండు రోజులకోసారి పీవీసీ పైపు మీద గుడ్లు పెడుతోంది. 24 గంటల్లో సగానికి పైగా తెల్లబడతాయి. 48 గంటలకు వాటి చుట్టూ దూదిలా బూజు లేచి పక్క గుడ్లకూ పాకుతుంది. తేనెరంగులో మిగిలినవాటిని భూతద్దంతో చూస్తే లోపల నల్లచుక్కలు లేవు, తోక కదలికా లేదు. 28 డిగ్రీల దగ్గర 60 గంటలకల్లా తోకలాడాలి కదా.

ట్యాంకు పొడవు, వెడల్పు, ఎత్తు 18 అంగుళాలు, స్పాంజ్ ఫిల్టర్. అమ్మోనియా, నైట్రైట్ సున్నా. బోరు నీళ్ల టీడీఎస్ (నీటిలో కరిగి ఉన్న లవణాల మోతాదు) 620, పీహెచ్ 7.8. ఆర్వో నీళ్లు కొద్దికొద్దిగా కలుపుతూ టీడీఎస్ 180కి, పీహెచ్ 6.8కి తెచ్చాను. తెల్లబడటం కాస్త ఆలస్యమైందే తప్ప ఆగలేదు.

పైపును వేరే తొట్టిలో పెట్టి, బూజును ఆపే మిథిలీన్ బ్లూ మందు వేసి, పక్కనే ఎయిర్ స్టోన్ ఉంచితే బూజు తగ్గింది, పిల్లలు మాత్రం రాలేదు. బూజు ముందు పట్టేది చచ్చిన గుడ్డుకే కాబట్టి ఇది మందుతో తీరేది కాదు.

రెండూ ఆడవి కావు: గుడ్లు పెట్టేటప్పుడు పొట్ట కింద బయటికి వచ్చే గొట్టం ఒకదానికి (ఆడది) మొద్దుగా ఉంటుంది, రెండోదానికి (మగది) సన్నగా మొనదేలి ఉంటుంది. మగది ఆడదాని వెనకే పైపుకు ఆనుకుని వెళ్తోంది కూడా. ఆ సమయంలో ఫిల్టర్ గాలి తగ్గించి, నీళ్లు కదలకుండానూ చూశాను.

ఈ లక్షణాలను బట్టి టీడీఎస్‌ను 100 లోపుకు దించి మరోసారి చూడాలా, లేక మగదాన్నే మార్చేయాలా?