ప్రభల తీర్థంపై పరిశోధన: మోసేవాళ్ల చేత మాట్లాడించడం ఎలా?

మత సామాజికశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. అంశం, కనుమ నాడు కోనసీమలోని జగ్గన్నతోటలో జరిగే ప్రభల తీర్థం. చుట్టుపక్కల గ్రామాల నుంచి శివుని రూపాలైన 11 మంది రుద్రులు ప్రభలపై (వెదురుతో కట్టి, రంగుల గుడ్డలతో అలంకరించి, భుజాలపై మోసే ఎత్తైన చట్రాలపై) వచ్చి ఆ కొబ్బరితోటలో కొలువుదీరుతారు. అక్కడ గుడి లేదు.

మొదట ప్రశ్నావళి పంచాను: గుడికి ఎన్నాళ్లకోసారి వెళతారు, దైవభక్తి 1 నుంచి 5 వరకు ఎంత? ఎప్పుడో గాని వెళ్లనని రాసి, భక్తికి 2 వేసిన యువకులే గంగలకుర్రు గ్రామ ప్రభను భుజానికెత్తుకుని కౌశిక నది నీళ్లలోకి దిగారు. ఆ కొలత ఇక్కడ పనికిరాదు. తర్వాత ఇళ్లకు వెళ్లి, అనుమతితో మాటలు రికార్డు చేశాను. ఎందుకు మోస్తారంటే అందరిదీ ఒకటే జవాబు: "తాతల నాటి నుంచి వస్తోందండి." పండగ ముందు అడిగినా, తర్వాత అడిగినా అంతే.

మతాచారంలో సమాజం తనను తానే ఆరాధించుకుంటుందని 1912లో ఫ్రెంచ్ సామాజికశాస్త్రవేత్త ఎమిల్ డర్ఖైమ్ చేసిన వాదన ఈ తీర్థానికి చక్కగా అతుకుతుంది. మరీ చక్కగా అతుకుతోందనే నా బాధ. పచ్చని వరిచేను తొక్కుకుంటూ ప్రభ సాగిపోతే శుభమని నమ్మే రైతును 'సామూహిక ఐక్యత' అన్న రెండు మాటల్లో ముగించడం అన్యాయం. జర్మన్ సామాజికశాస్త్రవేత్త మాక్స్ వెబర్ కోరినట్టు, చేసేవారి దృష్టిలో ఆ పనికున్న అర్థం నాకు కావాలి.

జాతరలు, ఉత్సవాలపై క్షేత్ర పరిశోధన చేసినవారు చెప్పండి: "ఎందుకు" అని అడగకుండా, ఆ అనుభవాన్ని వాళ్ల మాటల్లోనే చెప్పించడానికి మీకు ఫలించిన పద్ధతి ఏమిటి?